శాలిహుండం నుంచి కళింగపట్నం మొగ దాకా: ఒక పగటి నడక లెక్క

శ్రీకాకుళం జిల్లా శాలిహుండం కొండను కింద నిలబడి చూసిన వాళ్లు మొదట అనే మాట "ఇంతేనా?" అని. మన పక్కనే ఒడిశా సరిహద్దులో 1501 మీటర్ల మహేంద్రగిరి ఉండగా దీన్ని కొండ అనడానికి కూడా కొందరికి మనసొప్పదు. మెట్ట అంటారు. ఈ దారిలో మనుషుల్ని పడగొట్టేది ఆ "ఇంతేనా" అన్న మాటే. రెండు లీటర్ల నీళ్లే చాలనుకోవడం, చెప్పులతో రావడం, ఎనిమిదింటికి టిఫిను తిని బయలుదేరడం, ఈ తప్పులన్నీ దాని వెనకే వస్తాయి. పదకొండు గంటలకు పొదల మధ్య గాలి ఆడదు, కాలి కింద రాయి నిలవదు, సముద్రం ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది, ఎంత నడిచినా దగ్గరకు రాదు.

వంశధార ఒడిశా కొండల్లో పుట్టి, హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ దాటి, శ్రీముఖలింగం పక్కనుంచి దిగి, కళింగపట్నం దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. ఆ కలిసే చోటే మొగ. ఆ చివరి మెలికల దగ్గర, కుడి గట్టున, గార మండలంలో ఉంది శాలిహుండం. శ్రీకాకుళం నుంచి 18 కిలోమీటర్లు. కొండ మీద నిలబడితే ఎడమ చేతి వైపు ఏరు, ఎదురుగా తూర్పున సముద్రం. మ్యాపులో అక్కడి నుంచి కళింగపట్నానికి గీత గీస్తే ఆరేడు కిలోమీటర్లు దాటదు. ఆ గీతను నమ్మకండి. కొండ మీద తిరుగుడు, ఏటి మెలికలు, గెడ్డ (వాగు) అడ్డొస్తే చుట్టు తిరగడం, మొగ దగ్గర ఇసుకలో వెళ్లి రావడం కలుపుకుని దానికి రెట్టింపు వేసుకోండి.

కిలోమీటర్ల కంటే గంటల్లో లెక్క కట్టడం మంచిది. గట్టు మీద గంటకు 4 కిలోమీటర్లు నడిచే మనిషి ముళ్ల పొదల్లో ఒకటిన్నర, మహా అయితే రెండు నడుస్తాడు. పొడి ఇసుకలో రెండున్నర. పొడి ఇసుకలో మామూలు నడకకు గట్టి నేల మీద నడకతో పోలిస్తే రెట్టింపుకు పైగా శక్తి ఖర్చవుతుంది, ఎందుకంటే ప్రతి అడుగుకూ మడమ దిగబడుతుంది, తోసిన బలంలో సగం ఇసుకే మింగేస్తుంది. ఈ దారిలో ఆ ఇసుక వచ్చేది చివర్లో, కాళ్లు అయిపోయాక.

ఏ నెల, ఏ వేళ

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి నడుమ దాకా. అంతే. మార్చి పదో తేదీ దాటాక ఈ నడక చెయ్యొచ్చని ఎవరైనా అంటే వాళ్లు ఏసీ బస్సులో కూర్చుని చెబుతున్నారని అర్థం. అక్టోబరు చూడ్డానికి పచ్చగా బాగుంటుంది గానీ అది మనకు తుపాన్ల నెల. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరు రెండో వారంలోనే వచ్చాయి. పైగా వానాకాలం ముగిసిన వెంటనే పొదలు మనిషి ఎత్తు పెరిగి ఉంటాయి, దారి కనపడదు, కాలు పెట్టే చోట ఏముందో అసలు కనపడదు.

మనం దేశానికి తూర్పు తీరాన ఉన్నాం. గడియారం మాత్రం దేశమంతటికీ ఒకటే. అందుకే డిసెంబరు మధ్యలో మనకు పొద్దు 6.20కి పొడిచి సాయంత్రం 5.20కే మునుగుతుంది. హైదరాబాదు నుంచి వచ్చిన చుట్టాలు "ఆరింటి దాకా వెలుతురుంటుంది కదా" అనుకుంటారు. ఉండదు. జనవరి నడుమకి ఒక పదిహేను నిమిషాలు కలిసొస్తాయి. ఆ మసక వెలుతురులో సరుగుడు తోపులో దారి తప్పడం చాలా తేలిక, ఎందుకంటే చెట్లన్నీ వరసగా నాటినవి, ఎటు చూసినా ఒకటే వరస.

కాబట్టి రోజును వెనక నుంచి లెక్కేసుకోవాలి. సాయంత్రం 4.45కి కళింగపట్నం రోడ్డు మీద ఉండాలి. అంటే మొగ దగ్గర నుంచి 4 గంటలకు వెనుదిరగాలి. అంటే సరుగుడు తోపుల్లోకి 2.30కి అడుగు పెట్టాలి. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా నీడలో కూర్చోవాలి. దానికి ముందు ఏటి గట్టు నడక రెండు గంటలు. అంటే కొండ దిగేసరికి 9.30, మహా అయితే 10. కొండ మీద రెండున్నర గంటలు కావాలంటే ఏడింటి లోపే పైకి మొదలవ్వాలి. శ్రీకాకుళంలో 5.30కి బండెక్కితే ఈ లెక్క కుదురుతుంది. ఎక్కడైనా గంట ఆలస్యమైతే కొండ మీద గంట తగ్గించండి, మధ్యాహ్నం నీడలో కూర్చునే సమయాన్ని మాత్రం తగ్గించకండి. ఏటి గట్టు దగ్గరకే పదకొండున్నర అయిపోతే ఆ రోజుకు మొగ లేదు అనుకుని ఊళ్లోంచి ఆటో పట్టుకోండి.

శాలిహుండం నుంచి కళింగపట్నం వైపే ఎందుకు, తిరగేసి ఎందుకు కాదు? మొదటి రెండు గంటలు ఎండ కళ్లలో పడుతుంది నిజమే, కానీ అప్పటికి అది లేత ఎండ. మధ్యాహ్నం తర్వాత సూర్యుడు వీపు వెనక్కి పోతాడు. సముద్రపు గాలి పదకొండు ప్రాంతంలో మొదలై మధ్యాహ్నానికి ముదురుతుంది, ఆ గాలికి ఎదురుగా నడుస్తాం కాబట్టి చెమట ఆరుతుంది. తిరగేస్తే ఇసుకలో నడక పొద్దున అయిపోతుంది గానీ రెండింటి ఎండలో కొండ ఎక్కాల్సి వస్తుంది. కొండ రాయి అప్పటికి పెనంలా ఉంటుంది.

కొండ

మన తూర్పు కనుమల కొండల్లో ఎక్కువగా కనిపించేది ఖొండలైటు రాయి. ఖోండు గిరిజనుల పేరు మీదే భూగర్భ శాస్త్రవేత్తలు దానికా పేరు పెట్టారు. ఎండకు వానకు అది మెత్తబడి, పొరలుగా ఊడి, ఎర్రటి గుల్లమట్టిగా మారుతుంది. అందులోని గార్నెట్టు అనే ఎర్రటి ఖనిజపు గింజలు మాత్రం గట్టివి, అవి మిగిలిపోతాయి. గట్టి రాతి పలక మీద ఈ గింజలు పలచగా పరుచుకున్న చోట కాలు పెట్టడం అంటే ఆవాలు ఒలికిన గచ్చు మీద నడవడమే. కళింగపట్నం ఒడ్డున ఇసుకలో ఎర్రగా, నల్లగా చారలు కనిపిస్తాయి కదా, అందులో ఎర్రటిది ఈ జాతి కొండల నుంచి కొట్టుకొచ్చిన గార్నెట్టే.

ఎక్కేటప్పుడు ఇది ఇబ్బంది పెట్టదు, దిగేటప్పుడు పెడుతుంది. దిగేటప్పుడు జారిన మనిషి వెంటనే చేసే పని పక్కనున్న చెట్టును పట్టుకోవడం. ఇక్కడ పక్కనున్న చెట్టు ముళ్ల చెట్టు అవుతుంది. అందుకని దిగేటప్పుడు మోకాళ్లు కొంచెం వంచి, పాదం అడ్డంగా తిప్పి, చిన్న అడుగులు. మడమ బలంగా గుచ్చకండి. బరువంతా మడమ మీద పడితే అది ముందుకు జారుతుంది, పాదం మొత్తం ఆనితే నిలుస్తుంది. చేతికర్ర ముందు పెట్టి, తర్వాత కాలు. కర్ర ఛాతీ ఎత్తు ఉండాలి, వెదురుదైతే మేలు. షూ అడుగున గాట్లు అరిగిపోయి ఉంటే ఆ షూ వేసుకోవడం కన్నా రాకపోవడమే నయం.

ముళ్ల సంగతి విడిగా చెప్పాలి. తీరపు కొండల మీది పొదల్లో బలుసు, కలివి, పరికి, రేగు, బొంతజెముడు, నాగజెముడు, వీటికి తోడు ఎక్కడ పడితే అక్కడ సర్కారు తుమ్మ. ఒక్కోటి ఒక్కో రకంగా పని చేస్తుంది. సర్కారు తుమ్మ ముల్లు నిటారుగా ఉంటుంది, ఎండిన కొమ్మ నేల మీద పడి ఉంటే రబ్బరు చెప్పును దాటి పాదంలోకి దిగుతుంది. లాగినప్పుడు కొస విరిగి లోపల ఉండిపోతే రెండు మూడు రోజుల్లో చీము పడుతుంది. పరికి ముల్లు కొక్కెంలా వంగి ఉంటుంది. బట్ట పట్టుకున్నప్పుడు ముందుకు లాగితే ఇంకా బిగుస్తుంది, చిరుగుతుంది. ఒక అడుగు వెనక్కి వేస్తే దానంతట అదే వదులుతుంది. నాగజెముడుకి పైకి కనపడే పెద్ద ముళ్లతో పెద్ద బాధ లేదు, వాటి మొదట్లో నూగులా ఉండే సన్నటి ముళ్లున్నాయే, అవి వేళ్లతో తీయబోతే వేళ్లకు ఎక్కుతాయి. వాటికి అతుకు టేపు మందు. టేపు అంటించి, నొక్కి, ఒక్క లాగు లాగడం. రెండు మూడు సార్లు.

అన్నిటికన్నా ముళ్లు లేని దూలగొండి ప్రమాదం. డిసెంబరు దాటాక దాని కాయలు ఎండి, బంగారు రంగు నూగుతో తీగకు వేలాడుతుంటాయి. ముట్టుకోనవసరం లేదు, గాలి వీచే వైపు నిలబడితే చాలు. దురద మొదలైతే గోకడం, చెమట తువ్వాలుతో రుద్దడం రెండూ చెయ్యకూడదు, నూగు ఇంకా లోపలికి దిగుతుంది, ఒళ్లంతా పాకుతుంది. ముందు టేపుతో నూగు లాగెయ్యాలి, ఆ తర్వాతే నీళ్లు పోసి కడగాలి. ఊళ్లో పెద్దవాళ్లు బూడిదో తడి మట్టో పట్టించి ఆరాక దులిపేస్తారు, అదీ ఇదే సూత్రం: నూగును ఒకదానికి అంటించి తీసెయ్యడం. ఆ చొక్కా మార్చేసి విడిగా సంచిలో కట్టండి. కళ్లలో పడితే నీళ్లతో కడుగుతూ ఉండడం, ఆసుపత్రికి వెళ్లడం.

దారుల విషయం. పొదల్లో కనిపించే ప్రతి కాలిబాటా మనిషిది కాదు. మేకల దారి మొదట్లో వెడల్పుగా, నున్నగా, చూడ్డానికి రాచబాటలా ఉంటుంది. పది నిమిషాలు నడిచాక పైన కొమ్మలు అల్లుకుని నడుం ఎత్తు సొరంగంగా మారుతుంది. మేకకు అది చాలు. పశువుల దారి వెడల్పుగానే సాగుతుంది గానీ చివరకు నీటి దగ్గరకో గడ్డి దగ్గరకో పోతుంది, మనం వెళ్లాల్సిన చోటుకు కాదు. నమ్మదగిన దారి కట్టెలు మోసే ఆడవాళ్లది. తల మీద మోపుతో నడవాలి కాబట్టి ఆరడుగుల పైదాకా కొమ్మలు నరికి ఉంటాయి, వాలు కూడా ఒక్కసారిగా పడకుండా అడ్డంగా తిరుగుతూ దిగుతుంది. కత్తివేటు పడిన కొమ్మలు తల పైన కనిపిస్తే ఆ దారి పట్టండి. నడుం దగ్గర మాత్రమే కొరికిన ఆకులు కనిపిస్తే వెనక్కి రండి.

అడవిపందుల కోసం పెట్టిన ఉచ్చులు, కొన్ని చోట్ల కరెంటు తీగలు పొలం అంచుల్లో ఉంటాయి. నేలకు జానెడు, మూరెడు ఎత్తులో సన్నటి తీగ కనిపిస్తే అది కంచె తీగే కదా అని దాటకండి. తెల్లవారకముందు పొలాల అంచున అసలు నడవకండి.

కొండ మీద ఉన్నది బౌద్ధ క్షేత్రం. మహాచైత్యం, గుండ్రటి చైత్యగృహం, స్తూపాలు, విహారాల పునాదులు. 1919లో దీన్ని మొదట వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి. వాడుక భాష కోసం పోరాడిన ఆ గిడుగే. ఆయన పుట్టింది కూడా వంశధార ఒడ్డునే, ఎగువన శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకునేవాళ్లలో ఎంతమంది ఈ కొండ ఎక్కారో తెలియదు గానీ, ఎక్కితే బాగుంటుంది. ఇక్కడ దొరికిన తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలను బట్టి వజ్రయానం, అంటే బౌద్ధంలో తాంత్రిక శాఖ, దాకా ఈ చోటు నడిచిందని చెబుతారు. కొండ మీద నిలబడితే ఈ చోటు ఎందుకు ఎంచుకున్నారో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఓడలు ఆగే రేవు ఒక చూపు దూరంలో ఉంది, నీళ్లు కాళ్ల దగ్గరున్నాయి, భిక్షకు చుట్టూ వరి పండే ఊళ్లున్నాయి.

ఇది రక్షిత కట్టడం. ఇటుక పునాదుల మీద నుంచి అడ్డదారి తొక్కొద్దు. 2010 సవరణ తర్వాత చట్టం ప్రకారం రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. అది అలా ఉంచినా, మంచుకు తడిసిన పాత ఇటుక పొద్దున పూట సబ్బులా జారుతుంది. టిఫిను ఇక్కడ విప్పకండి, పొట్లాల కోసం కోతులు, కుక్కలు చేరతాయి.

నీళ్లు, తిండి

మనిషికి 4 లీటర్లు. బరువే, 4 కిలోలు. తగ్గించకండి. డిసెంబరు చలికాలం కదా అనుకోవడం మన జిల్లాలో పనికిరాదు. తీరపు గాలిలో తేమ ఎక్కువ, చెమట పడుతుంది గానీ ఆరదు. ఒంటిని చల్లబరిచేది చెమట పట్టడం కాదు, ఆరడం. ఆరకపోతే ఒళ్లు ఇంకా చెమట పోస్తూనే ఉంటుంది, నీళ్లు, ఉప్పు రెండూ పోతాయి, వేడి మాత్రం పోదు. గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు, దాహం వేసినా వెయ్యకపోయినా, గుక్క గుక్కగా.

4 లీటర్లలో ఒక లీటరు ఓఆర్‌ఎస్ కలిపినది ఉండాలి. పెద్ద ప్యాకెట్టు ఒకటి లీటరు నీటికి. సగం ప్యాకెట్టు గ్లాసులో కలుపుకుని తాగడం తప్పు, ఉప్పు పాళ్లు మారిపోతాయి. ప్యాకెట్టు లేకపోతే లీటరు నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా అంటే టీ చెంచా, పైకి గుట్టగా కాకుండా సమానంగా. ఉత్త నీళ్లే నాలుగు లీటర్లు తాగేస్తే రక్తంలో ఉప్పు పలచబడి తలనొప్పి, వాంతులు వస్తాయి. వడదెబ్బేమో అనుకుని ఇంకా నీళ్లు తాగిస్తారు, అది ఇంకా చేటు.

బయలుదేరే ముందు చోడి (రాగి) అంబలిలో మజ్జిగ, ఉప్పు కలిపి తాగితే దానికి సాటి ఇంకోటి లేదు. చద్దన్నమైనా సరే. పూరీ, బజ్జీ తిని కొండెక్కితే తొమ్మిదింటికే దాహం మొదలవుతుంది. మధ్యాహ్నానికి పులిహోర బాగా నిలుస్తుంది, ఆవపిండి పెట్టినదైతే ఇంకా మంచిది. పెరుగన్నం వద్దు, సంచిలో వేడికి పులిసిపోతుంది. జేబులో బెల్లం ముక్క, వేరుశెనగ గింజలు. ఆ నెలల్లో తేగలు దొరుకుతాయి, రెండు ఉడికించినవి పెట్టుకుంటే చివరి గంటకు పనికొస్తాయి.

ఏటి నీళ్లు తాగకండి. దిగువకు వచ్చేకొద్దీ పోటు నీరు ఏట్లోకి ఎగదన్ని ఉప్పబడతాయి. తల తడుపుకోవడానికి పనికొస్తాయి.

ఏటి గట్టు

ఈ రెండు గంటలు తేలిక భాగం. గట్టు ఉన్న చోట గట్టు, లేని చోట పొలాల గట్లు. వరి కోతల రోజులైతే కుప్పల పక్కన కూర్చోకండి. కుప్పలో ఎలుకలుంటాయి, వాటి కోసం పాములొస్తాయి. రైతు కనిపిస్తే ఒక మాట అడిగి గట్టెక్కండి. "ఇటు దారుందా బాబూ" అంటే దారి చెప్పడమే కాదు, ఏ గెడ్డలో నీరుందో, ఎక్కడ దిగబడుతుందో కూడా చెబుతారు. ఏ మ్యాపూ చెప్పలేనిది అది.

ఒకటే హెచ్చరిక. మన దగ్గర ఆకాశం తెల్లగా ఉన్నా ఏరు పెరగొచ్చు. వంశధార నీరు పుట్టేది ఎగువన ఒడిశాలో. అక్కడ వాన పడితే, గొట్టా దగ్గర గేట్లు ఎత్తితే, ఆ నీరు ఇక్కడికి తర్వాత వస్తుంది. ముందు రెండు రోజులు ఎగువన వాన పడిందని వార్తల్లో ఉంటే ఇసుక తిన్నెల మీదకు దిగకండి. పొడి ఏట్లో కూడా అడ్డదారి కోసం పాయలు దాటే ఆలోచన వద్దు. ఇసుక తీసిన గోతులు నీటి కింద కనిపించవు, మోకాలి లోతు నీటిలో ఒక్క అడుగు తేడాతో మనిషి మునిగే గొయ్యి ఉంటుంది.

పన్నెండింటికి నీడ చూసుకోండి. చింత, మర్రి, మామిడి తోట ఏదైనా. తాటిచెట్టు కింద మాత్రం కాదు. షూ విప్పి, మేజోళ్లు తీసి, పాదాలు ఆరబెట్టండి. వేళ్ల మధ్య ఎర్రబడి మండుతున్న చోట అప్పుడే టేపు వెయ్యండి. బొబ్బ లేచాక వేసేది వైద్యం, ముందు వేస్తే సాయంత్రం నడుస్తారు.

సరుగుడు తోపు, ఇసుక, మొగ

సరుగుడు తోపులోకి రాగానే ప్రాణం లేచొస్తుంది. నీడ, గాలి, కింద మెత్తటి పుల్లాకు. ఆ మెత్తదనం కింద మోడులు దాక్కుని ఉంటాయి. నరికిన చెట్ల మొదళ్లు పాదం ఎత్తులో ఏటవాలుగా, కొస తేలి ఉంటాయి. కాలు ఈడ్చకుండా ఎత్తి వెయ్యాలి. పుల్లాకు అగ్గిపుల్ల తగిలితే చాలు అంటుకుంటుంది, బీడీ, సిగరెట్టు అలవాటున్నవాళ్లు ఊరు చేరేదాకా ఓపిక పట్టాలి. తోపు, జీడి తోట, మొగలి డొంక, ఏదైనా ఎవరిదో ఒకరిది. కాపలా మనిషి పిలిస్తే ఆగి మాట్లాడండి.

తోపు దాటాక ఇసుక దిబ్బల మీద రావణాసురుడి మీసాలు. పేరు వింటేనే తెలుస్తుంది, ఆకు కొసలు సూదులు. చీలమండ మీదుగా ప్యాంటు మేజోళ్లలోకి దోపుకోండి. దాని పక్కనే నేల మీద పాకే బాలబండి తీగ ఉన్న చోట ఇసుక గట్టిగా ఉంటుంది, దాని అంచు వెంట నడిస్తే అలసట తగ్గుతుంది. తీగను తొక్కకుండా పక్కనుంచి. ఆ తీగలే దిబ్బను పట్టి ఉంచుతున్నాయి.

సముద్రపు ఒడ్డున నడవాల్సింది తడి ఇసుక మీద, అది గట్టిగా ఉండేది ఆటు వేళ. అందుకే రోజు ఎంచుకునేటప్పుడు పోటు వేళలు చూడాలి. ఒక పోటు నుంచి దాని తర్వాతి ఆటుకు ఆరు గంటల చిల్లర, ఇవాళ్టి పోటు రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. విశాఖ రేవు పోటు పట్టికలు మనకూ దాదాపు సరిపోతాయి. అమావాస్య, పౌర్ణమికి అక్కడ నీటి తేడా సుమారు మీటరున్నర. చదునైన ఒడ్డున మీటరున్నర ఎత్తు అంటే వెనక్కి చాలా దూరమే. మధ్యాహ్నం మూడు ప్రాంతంలో నీరు బాగా దిగి ఉండే రోజు దొరికితే అదే ఈ నడకకు ముహూర్తం. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ పెద్ద అలల హెచ్చరికలు ఇస్తుంది, బయలుదేరే ముందు రాత్రి అదీ చూసుకోండి.

మొగ ఏటేటా ఒకచోట ఉండదు. నైరుతి రుతుపవనాల నెలల్లో అలలు ఇసుకను ఒడ్డు వెంట ఈశాన్యం వైపు నెడతాయి, ఏటి నోటికి అడ్డంగా ఇసుక నాలుక పెరుగుతుంది. వరదొచ్చి దాన్ని కోస్తుంది. ఎండాకాలానికి మళ్లీ పూడుతుంది. ఫోనులో ఉపగ్రహ చిత్రం ఏ నెలదో చూడకుండా "ఇక్కడ ఇసుకే కదా" అని నడిచిపోతే ముందు నీరుంటుంది. ఆ ఇసుక నాలుక కొస దాకా వెళ్లకండి. అంచు కింద నీరు కోసేస్తూ ఉంటుంది, పైన గట్టిగా కనిపిస్తుంది, మనిషి బరువుకు పెళ్ల మొత్తం కూలుతుంది. ఆటు వేళ ఏరు సముద్రంలోకి ఉరుకుతుంది, ఎదురుగా అల వస్తుంది, ఆ రెంటి మధ్య ఈత వచ్చినవాడికీ ఈత రానట్టే. స్నానం అనే మాటే వద్దు. అవతలి గట్టు చూడాలనుంటే ఊళ్లో మత్స్యకారుల్ని అడిగి పడవలో వెళ్లడం ఒక్కటే మార్గం.

జనవరి నుంచి సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన ఒడ్డుకు వస్తాయి. వలతోనో కర్రలతోనో చిన్న ఆవరణ కట్టి ఉంటే అది గుడ్లు దాచిన చోటు. దాని చుట్టూ తిరిగి వెళ్లండి.

ఓపిక, వెలుతురు రెండూ మిగిలితే ఒడ్డు వెంట దక్షిణంగా బందరువానిపేట వైపు కొంత నడవొచ్చు. మిగలకపోతే లైట్‌హౌస్ గుర్తు పెట్టుకుని ఊళ్లోకి.

ఏదైనా జరిగితే

పాము కరిస్తే నడవకూడదు, నడిపించకూడదు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్ర కట్టి, ఉంగరాలు, పట్టీలు తీసేసి, 108కి ఫోను. కొయ్యడం, పీల్చడం, తాడుతో బిగించి కట్టడం, పసరు పొయ్యడం ఏదీ వద్దు. పామును చంపి తేనక్కర్లేదు. నాగు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ మన ఆసుపత్రుల్లో ఇచ్చే విరుగుడు ఒకటే. కొండ మీద జరిగితే నలుగురు మోసుకుని దింపాలి, కాబట్టి ఈ నడకకు నలుగురికి తక్కువ వెళ్లొద్దు.

తల తిరగడం, వాంతి వచ్చినట్టుండడం, చెమటలు కారడం ఇంకా మొదటి మెట్టు. నీడ, పడుకోబెట్టడం, కాళ్లు ఎత్తు, ఓఆర్‌ఎస్. మాట తడబడడం, ఎక్కడున్నాడో తెలియకపోవడం మొదలైతే అది వడదెబ్బ, చెమట పడుతున్నా సరే. అప్పుడు నోట్లో నీళ్లు పొయ్యకండి. ఉన్న నీళ్లన్నీ ఒంటి మీద పోసి, తువ్వాళ్లతో విసురుతూ, వెంటనే 108.

పెద్ద తేనెటీగల పట్లు రాతి చరియలకు, ఎత్తైన చెట్లకు ఉంటాయి. పొగ, సెంటు, రాయి విసరడం వాటికి పడవు. లేస్తే మొహం కప్పుకుని దూరంగా పరుగు, ఆగకుండా. కొండిని వెంటనే తీసెయ్యాలి, గోటితో గీకినా చిటికెతో లాగినా సరే, ఎలా తీశామన్నదాని కన్నా ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యం. ఊపిరి బిగిసినా, పెదాలు వాచినా ఆసుపత్రి.

సంచిలో ఇవి చాలు: నీళ్లు, తిండి, టేపు, ముల్లు తీసే చిన్న పట్కారు, పిన్నీసు, గుడ్డ పట్టీ, టార్చి, విజిలు, అదనపు మేజోళ్లు, పలచటి నూలు చొక్కా నిండు చేతులది, గొడుగు. గొడుగును చూసి నవ్వేవాళ్లు నవ్వనీయండి, గట్టు మీద పదకొండింటికి అదే అడుగుతారు. మ్యాపు ఫోనులో ముందే దించుకోండి, పొదల్లో సిగ్నలు వస్తూ పోతూ ఉంటుంది. ఇంట్లో ఒకరికి "ఐదింటికి ఫోను చేస్తాం, ఆరింటి దాకా రాకపోతే కదలండి" అని చెప్పి వెళ్లండి.

ఇదే లెక్క విజయనగరం వైపు కూడా పనికొస్తుంది. రామతీర్థం దగ్గర బోధికొండ, గురుభక్తులకొండ పొద్దున పూట ఎక్కొచ్చు, చంపావతి సముద్రంలో కలిసే కోనాడ సాయంత్రానికి. రెండిటి మధ్య బండి మీద వెళ్లాలి, ఒకే నడక కాదు. ఉద్దానం వైపు జీడి తోటల్లో చెయ్యాలనుకునేవాళ్లకు మాత్రం వేరే సంగతి ఉంది. అక్కడ ఎలుగుబంట్లు నిజంగా తిరుగుతాయి, జీడి, పనస పండే రోజుల్లో మరీ. తెల్లవారుజామున, చీకటి పడ్డాక తోటల్లోకి వెళ్లకండి. పగలైనా గుంపుగా, మాట్లాడుకుంటూ నడవండి.

కళింగపట్నంలో శ్రీకాకుళం బస్సు వేళ పొద్దున్నే శ్రీకాకుళం కాంప్లెక్సులో (బస్టాండులో) కనుక్కుని కాగితం మీద రాసుకోండి. సాయంత్రం ఆటోలు దొరుకుతాయి గానీ ఐదు దాటాక బేరం వాళ్లదే. ఎక్కే ముందు షూ దులుపుకోండి, ఇసుక కోసం కాదు, పల్లేరు కాయల కోసం. సీటు మీద ఒకటి రాలితే మీ తర్వాత కూర్చునేవాళ్లకు తెలుస్తుంది.